వెల్లంపల్లి రేవులో ఆ మూడు రోజులు

క్రైస్తవ సంఘం అంటే ఏమిటో, అది దేనికో తెలియాలంటే ఎత్తయిన గోపురాల చర్చిల కంటే ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల చరిత్ర చదవడం మేలని నా గట్టి నమ్మకం.

1867 జనవరి 1న ఒంగోలులో బాప్టిస్టు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మందే. అప్పటికే తాళ్లకొండపాడుకు చెందిన తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య విశ్వాసంలోకి వచ్చి, ఊరూరా తిరిగి తనవాళ్లయిన మాదిగలకు చెబుతున్నాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని అగ్రవర్ణాలవారు మిషనరీ జాన్ క్లౌకు తేల్చి చెప్పారు. ఆయన మాదిగల వైపే నిలబడ్డారు.

చేరేవాళ్లకు ఆయన పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం ముట్టకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలికే. కానీ కోతల వేళ ఆదివారం పొలానికి రానన్నా, జాతరలో డప్పు కొట్టనన్నా ఊరి పెద్దలు ఊరుకుంటారా? పని ఇవ్వరు, ఉన్న ఆధారం తెంచేస్తారు. అలాంటప్పుడు ఒంటరిగా ఎవరూ నిలవలేరు. వారం వారం కూడి ప్రార్థించే నాలుగు కుటుంబాలు పక్కన ఉంటే నిలుస్తారు. సంఘం ఎందుకన్న ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇదే.

1876లో మహా కరువు మొదలైంది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించారు. పగలు మట్టి తవ్వకం, తీరిక వేళ తెలుగు బోధకుల మాటలు. ఎందరో బాప్తిస్మం అడిగారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన ఇవ్వలేదు. ఆ ఓర్పు నాకెంతో గొప్పగా తోస్తుంది.

సాయం పంచడం ఆగాక, 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి జనం తరలివచ్చారు. పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే నీళ్లలోకి దిగారు. ఇద్దరు బోధకులు ముంచి లేపుతుంటే, వాళ్లు అలసిపోగానే మరో ఇద్దరు దిగేవారు. అలా వంతులు మార్చుకున్న ఆరుగురూ తెలుగువాళ్లే. 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది.

చరిత్ర ఆ మధ్య అంకెనే ఎక్కువగా గుర్తుపెట్టుకుంది. నేనైతే ఆ తర్వాత వాళ్లు నడిచి వెళ్లిన పల్లెలనే గుర్తుచేస్తాను. అక్కడ పిల్లలకు అక్షరాలు దిద్దించిందీ, ఆదివారం వాక్యం చదివిందీ చాలాచోట్ల ఒకే ఉపాధ్యాయుడు. తగవు వస్తే సంఘ పెద్దలు కూర్చుని తీర్చేవారు. ఆ ఉపాధ్యాయుడి పోషణ బయటి డబ్బు మీద కాక, పల్లెవాళ్ల పంట మీద సాగాలని క్లౌ పట్టుబట్టారు.