6 వోల్టుల బండి

మొన్నామధ్య నాన్నగారి పాత యెజ్డీకి హెడ్‌లైట్ బల్బు కోసం రాణిగంజ్ అంతా తిరిగాను. ఒక కొట్టాయన ఎంతో నమ్మకంగా ఇచ్చింది పెడితే అగరొత్తి నిప్పులా ఎర్రగా వెలిగింది.. చూస్తే 12 వోల్టులది! మన బండిది 6.

ఇంతకీ ఈ 6 ఎక్కడిదంటే, ఐడియల్ జావా వాళ్ళు మైసూరులో 1961లో చెకొస్లొవేకియా జావా బళ్ళు తయారుచెయ్యడం మొదలెట్టారు, అవే 1973 నుంచి యెజ్డీలు. చెక్ డిజైనుతో పాటే 6 వోల్టులూ వచ్చాయి. అమెరికా కార్లు మాత్రం 1950లలోనే 12కి మారిపోయాయి. కారణం మనం స్కూల్లో చదివిందే: 35 వాట్ల బల్బుకి 6 వోల్టుల దగ్గర దాదాపు 6 ఆంపియర్లు కావాలి, 12 దగ్గర 3 చాలు. కరెంటు సగమైతే అదే వైర్లో నష్టం నాలుగో వంతే.

1996లో ఫ్యాక్టరీ మూతపడింది. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ గురించి ఆఫీసుల్లో తెగ కొట్టుకుంటాం గానీ, ఈ బళ్ళ గురించి అడిగే నాథుడు లేడు :)

చివరికో ముసలి ఎలక్ట్రీషియన్ తుప్పుపట్టిన డబ్బాలోంచి రెండు తీశాడు. "మొత్తం 12కి మార్చేద్దాం సార్" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే నాన్నగారు ససేమిరా అన్నారు. "స్లోలో లైటు తగ్గాలి, రేజిస్తే పెరగాలి. లేకపోతే అది నా బండేంట్రా?"

రెండోది బీరువాలో దాచాను.