పటం విప్పినోడూ, స్లైడు తిప్పినోడూ

కొన్నేళ్ళ కింద ఒక డిజైన్ రివ్యూలో 42 స్లైడ్లు చూపించాను. పదో స్లైడుకే సగంమంది ఫోన్లలోకి దూరిపోయారు. ముప్పయ్యో స్లైడులో ఐదో బుల్లెట్టు కింద, చిన్న అక్షరాల్లో, "పాత డేటాబేసు ఈ లోడుకి తట్టుకోకపోవచ్చు" అని రాశాను. ఎవరూ చదవలేదు. చదువుకుంటూ పోయిన నేను కూడా అక్కడ ఆగలేదు. రెండు నెలలకి ఆ డేటాబేసు నిజంగానే తట్టుకోలేదు. "నేను ముందే చెప్పాను కదా" అన్నాను. చెప్పలేదు, రాశానంతే. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో అప్పటికి తెలియలేదు.

ఆ తేడా బాగా తెలిసినవాళ్ళు మన తెలంగాణలోనే ఉన్నారు. గంభీరావుపేట, సిరిసిల్ల, కోరుట్ల దిక్కు పద్మశాలీలు ఎక్కువ. పద్మశాలీలకు వాళ్ళ కులపురాణం చెప్పేవాళ్ళని కూనపులివాళ్ళు అంటారు. మార్కండేయ పురాణం, తామరతూడు నారతో దేవతలకు బట్ట నేసిన భావనారుషి కథ వీళ్ళవి. ఇలాగే మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణం చెప్తారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు ఉన్నారు. ఏ బృందం ఏ ఊళ్ళలో చెప్పాలో తరతరాలుగా హక్కులుండేవి. అంటే క్లయింట్లు వంశపారంపర్యం అన్నమాట!

వీళ్ళ చేతిలో ఉండేదే పటం. సుమారు 3 అడుగుల వెడల్పు, 30 అడుగుల నుంచి 60 అడుగుల దాకా పొడవు ఉండే గుడ్డ చుట్ట. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలోని నకాషీ చిత్రకారులు దీన్ని రాసేవాళ్ళు. ఖద్దరు గుడ్డకి సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి, ఆరాక ఎర్రటి నేల మీద బొమ్మలు వేస్తారు. బొమ్మకీ బొమ్మకీ మధ్య పూల అంచు. రాత్రిపూట పటాన్ని కర్రలకి వేలాడదీసి, కథ నడిచేకొద్దీ కొంచెం కొంచెం విప్పుతారు. కథకుడు పుల్లతో బొమ్మ చూపించి పాడతాడు, పక్కన వంతవాళ్ళు అందుకుంటారు. ఆ బొమ్మ కథ అయిపోయాకే తర్వాతి బొమ్మ.

ఇక్కడ నన్ను ఆపిన సంగతొకటుంది. ఈ బొమ్మలేమీ ఖాళీగా ఉండవు. చెట్లు, గుర్రాలు, ఆభరణాలు, జనం, అన్నీ కిక్కిరిసి ఉంటాయి. "సింపుల్ స్లైడ్" అనగానే తెల్లటి తెర మధ్యలో మూడు మాటలు పెట్టడమనుకుంటాం మనం. కానీ పటంలో సింపుల్ అంటే ఒక గడిలో ఒకే ఘట్టం. ఎన్ని వివరాలున్నా అన్నీ ఆ ఘట్టానివే. ఇక కథ చెప్పే పని నోటిది, బొమ్మది కాదు.

ఇంకో సంగతి, ఖర్చు. పటం కావాలంటే కథకుడు నకాషీకి డబ్బులిచ్చి రాయించుకోవాలి. గడి పెరిగితే ఖర్చూ పెరుగుతుంది, కాబట్టి ఉత్తినే గడులు పెంచడు. మన ఆఫీసుల్లోనూ ఒకప్పుడు ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు షీట్ల మీద చేత్తో రాసుకునే రోజుల్లో ఇలాంటి అదుపే ఉండేది. రాబర్ట్ గాస్కిన్స్ బృందం ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో చేసిన పవర్‌పాయింటు 1987 ఏప్రిల్‌లో మెకింటాష్ కోసం వచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకి ఆ కంపెనీని కొనేసింది. ఆ తర్వాత ఇంకో లైను చేర్చడానికి పైసా ఖర్చు లేకుండా పోయింది. మనం చేరుస్తూ పోయాం.

దీని ఖరీదు ఎంతుంటుందో 2003లో తెలిసింది. జనవరి 16న కొలంబియా షటిల్ పైకి లేచిన దాదాపు 82 సెకన్లకి ఒక నురుగు ముక్క ఊడొచ్చి ఎడమ రెక్కకి తగిలింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు స్లైడ్లతో నాసా మేనేజర్లకి నివేదించారు. అందులో ఒక స్లైడు శీర్షిక ధైర్యం చెప్తున్నట్టుంది. అడుగున చిన్న అక్షరాల్లో మాత్రం అసలు సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిన ముక్క అంచనా 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ షటిల్ ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. ఆ స్లైడుని ఎడ్వర్డ్ టఫ్టీ విడమర్చి చూపించాడు, ఆ విశ్లేషణ ప్రమాద విచారణ సంఘం నివేదికలోకి కూడా ఎక్కింది. స్లైడు ఒక్కటే ప్రమాదానికి కారణమని ఎవరూ అనలేదు. కానీ కథలో అసలు ఘట్టం ఏ గడిలోనూ లేదు, పూల అంచులో ఇరికించేశారు!

మరి పటం పద్ధతే అన్నిటికీ మందా? కాదు. కూనపులి కథ వినే పద్మశాలీలకు కథ ముందే తెలుసు. మన రివ్యూకొచ్చేవాళ్ళకి తెలీదు, వాళ్ళకి లెక్కలు కావాలి. అవి రెండు పేజీల డాక్యుమెంటుగా రాసి ముందే చేతికివ్వాలి. "రేపు మెయిల్‌లో పంపితే అర్థం కావాలి కదా" అని స్లైడునే డాక్యుమెంటు చెయ్యబోతాం చూడండి, అక్కడే రెండూ చెడతాయి. చదవడానికి చాలదు, చూడ్డానికి ఎక్కువ.

పాతబడి చిరిగిన పటాన్ని కూనపులివాళ్ళు పారెయ్యరు. పూజ చేసి నదిలో కలిపి కొత్తది రాయించుకుంటారు. మనమేమో మూడేళ్ళ కిందటి స్లైడ్లని కాపీ చేసి తేదీ మారుస్తాం.

ఇప్పుడు సిరిసిల్లలో ఎక్కువగా మరమగ్గాలే. పటం కథలు బాగా తగ్గిపోయాయి. పాత పటాలు హైదరాబాదులో జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియంలో ఉన్నాయి. చేర్యాల వాళ్ళు గోడకి తగిలించుకునే చిన్న బొమ్మలు వేసి బతుకుతున్నారు. అవి చాలా అందంగా ఉంటాయి, కానీ పక్కన కథకుడు లేడు. ఏ ఘట్టమో అడిగితే కొన్నవాళ్ళలో చాలామంది చెప్పలేరు.

ఈమధ్య స్లైడు చేసేముందు ఒకటే ప్రశ్న వేసుకుంటున్నాను: ఇది ఏ ఘట్టం? జవాబు ఒక్క వాక్యంలో రాకపోతే ఆ స్లైడు తీసేస్తున్నాను. మొన్నటి రివ్యూకి తొమ్మిది మిగిలాయి. రెండో స్లైడు నిండా ఒకే మాట, "ఈ డేటాబేసు ఈ లోడు మొయ్యదు." అక్కడ ఆగి, అందరి మొహాలూ చూసి, నోటితో చెప్పాను. ఈసారి అరగంట గొడవయింది. హమ్మయ్య అనుకున్నాను.