పునర్జన్మ కాదు, పునరుత్థానం



పోయిన భాగంలో వెట్టి గురించి రాశాను. అది చదివిన ఒక విద్యార్థి స్టాఫ్ రూము బయట నన్ను ఆపి అడిగాడు: "మేడమ్, ఏప్రిల్ 14న మీరు నీలం జెండా పట్టుకుంటారు. ఈస్టర్ నాడు తెల్లారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తి పట్టుకుంటారు. అంబేద్కరిస్టుకు ఖాళీ సమాధితో ఏం పని?"

ఎగతాళిగా అడగలేదు. వాళ్ళింట్లోనూ ఇదే చిక్కు ఉంది. బెల్లు కొట్టేలోపు సగం జవాబు చెప్పాను. మిగతా సగం ఇది.

మాది పలమనేరు పక్కన గంగవరం. మా అవ్వకు క్రిస్మస్ కంటే ఈస్టర్ పెద్ద పండగ. ముందురోజు సమాధుల చుట్టూ కంప కొట్టించి, సున్నం పూయించేది. మరుసటి రోజు కోడి కూయకముందే పిల్లలందర్నీ లేపేది. నాకు భయం. "చీకట్లో ఆడికెందుకు అవ్వా?" అని ఏడిస్తే ఒకసారి ఇట్లా చెప్పింది: "ఊర్లో చావు వచ్చినప్పుడల్లా మనోళ్ళు ఈడికి వచ్చినారు. పిలిస్తే వచ్చినారు. ఈ పొద్దు మనల్ని ఎవురూ పిల్లేదు. మనమే వస్తా ఉండాం."

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కులం మనకు ఇచ్చిన పనులు ఒకసారి లెక్క పెట్టుకోండి. చచ్చిన గొడ్డును మోసుకుపోవడం. దాని తోలు తీయడం. చావు కబురు ఊరూరికీ మోయడం. శవం ముందు పలక కొట్టడం. గుంత తవ్వడం. ఊరి చావు మొత్తం మన నెత్తిన పెట్టి, చావును ముట్టుకున్నారు కాబట్టి మిమ్మల్ని ముట్టుకోము అన్నారు. అట్లాంటి పల్లెలోకి ఒక వార్త వచ్చింది: పాతిపెట్టిన మనిషి లేచాడు, గుంత ఖాళీగా ఉంది, చావు యజమాని కాదు. ఈ వార్త ఊరి పెద్దింట్లో ఒక రకంగా వినిపిస్తుంది. గుంత తవ్వేవాడి గుడిసెలో ఇంకో రకంగా వినిపిస్తుంది.

తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి రెండు మాటల దగ్గర ఆగుతాను. పునర్జన్మ, పునరుత్థానం. వినడానికి అక్కచెల్లెళ్ళలాగా ఉంటాయి. మన వైపు నుంచి చూస్తే ఒకదానికొకటి పగ.

పునర్జన్మ ఏం చెప్పింది? నువ్వు ఈ కులంలో పుట్టింది పోయిన జన్మ పాపానికి. నోరు మూసుకుని సేవ చెయ్, వచ్చే జన్మ బాగుంటుంది. ఈ లెక్కలో కొట్టేవాడు కనిపించడు. దెబ్బ తినేవాడే నేరస్థుడు.

పునరుత్థానం ఏం చెప్పింది? శిలువ అనేది రోమా రాజ్యంలో బానిసలకూ తిరగబడినవాళ్ళకూ వేసే శిక్ష. ఆ శిక్ష పడిన మనిషిని దేవుడు లేపాడు. వేరే పుట్టుకలోకి కాదు, పెద్ద కులంలోకి కాదు. అదే ఒళ్ళు, అదే పేరు, చేతుల్లో మేకుల గాయాలు కూడా అవే. అనుమానపడిన తోమాకు ఆయన చూపించింది ఆ గాయాలనే. అంటే తీర్పు తిరగబడింది. శిక్ష పడినవాడు నిర్దోషి అని తేలింది, శిక్ష వేసినవాళ్ళు బోనులోకి వచ్చారు. ఈ జన్మకే, ఈ ఒంటికే న్యాయం అన్నమాట.

మూడో మాట ఒకటుంది: అధికారం. ఇప్పుడు అధికారం అంటే మనకు ఎమ్మార్వో, ఎమ్మెల్యే గుర్తొస్తారు. శాస్త్రాల్లో ఆ మాటకు అర్హత అని అర్థం. బ్రహ్మసూత్రాల్లో అపశూద్రాధికరణం అని ఒక భాగం ఉంది. వేదవిద్యకు శూద్రుడికి అధికారం లేదని చెప్పడానికే శంకరుడు దాన్ని వ్యాఖ్యానించాడు. శూద్రుడికే లేనప్పుడు అవతలివాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. చదవడానికి, వినడానికి, దీవించడానికి, పేరు పెట్టడానికి, పెళ్ళి చేయడానికి, శవం మీద నాలుగు మంచి మాటలు చెప్పడానికి అధికారం ఎవరిది? మన చరిత్రలో మతం మార్పిడి ప్రశ్న నిజానికి ఈ ప్రశ్నే.

మా వైపు ఈ చరిత్ర ఆర్కాట్ మిషన్‌తో మొదలవుతుంది. అమెరికా నుంచి వచ్చిన స్కడర్ సోదరులు 1853లో దాన్ని నిలబెట్టారు. జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లెలో కాపురం పెట్టాడు. తెలుగు బైబిలు సవరణ పనిలో పెద్ద బాధ్యత మోశాడు. 1908లో చనిపోయాడు. 1912లో మదనపల్లెలో మొదలైన క్షయ శానటోరియం తర్వాత ఆరోగ్యవరంగా ఎదిగింది. దొరల పేర్లు, వాళ్ళు రాసిన పుస్తకాలు, కట్టిన ఆస్పత్రులు అన్నీ దొరుకుతాయి. ఎండలో వాళ్ళ వెంట నడిచి, పల్లెల్లో మాట చెప్పిన మన మనుషులు మాత్రం ఆ పుస్తకాల్లో ఎక్కువగా 'హెల్పర్', 'బైబిల్ ఉమన్' అనే మాటల వెనకే మిగిలిపోయారు. మా అవ్వ వాళ్ళమ్మ అట్లాంటి బైబిల్ ఉమన్. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

పేరుతో సహా నిలిచిన మన మనిషి కథ కావాలంటే ఒంగోలు వైపు పోవాలి. అక్కడ ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు.

పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. దొరలు వచ్చేదాకా ఏమీ తెలియని అమాయకుడు కాదు. రాజయోగం నేర్చుకున్నవాడు. ఆయనకు దారి చూపిన గురువుల్లో వీరమ్మ అనే స్త్రీ కూడా ఉంది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో మాదిగల మీద వేసిన పుస్తకంలో ఇదంతా రాసింది. మాదిగ పల్లెల్లో అప్పటికే గురువులు ఉన్నారు, వెతుకులాట ఉంది. క్రీస్తు మాట ఆ వెతుకులాటలోకి వచ్చి పడింది. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత పేరయ్యే పల్లెపల్లెకూ తిరిగి చెప్పాడు. దొర జాన్ క్లఫ్ వెనక వచ్చాడు.

ఆ సంఘంలో చేరేవాళ్ళకు పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చేయకూడదు. మూడోది ఊరి పెద్దలకు ఎక్కువ మండించింది. కోతల కాలంలో మాదిగ మనిషి "ఈ రోజు రాను" అన్నాడు. జాతరలో పలక కొట్టమంటే కొట్టను అన్నాడు. కరణాలు, రెడ్లు ఊరుకోలేదు. బావి నీళ్ళు ఆపారు, పనులు ఆపారు, కొట్టారు. అయినా ఆ 'రాను' అనే మాట వెనక్కి పోలేదు. మన పల్లెల్లో మొదటి సమ్మెల చరిత్ర రాసేవాళ్ళు ఈ ఆదివారాన్ని వదిలేయకూడదు.

తర్వాత 1876-78 కరువు. క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "బియ్యానికి మారారు" అనే మాట రేపు మీ మొహం మీద కూడా ఎవరో ఒకరు విసురుతారు. కరువు నడిచినంతకాలం, నెలల తరబడి, క్లఫ్ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం వచ్చి అడిగినా ఆపాడు. సాయం పనులు ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఎవరు? దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా, వంతులవారీగా నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

నాకు ఆ 2,222 కంటే ఆ నీళ్ళలో నిలబడినవాళ్ళే ఎక్కువ గుర్తుంటారు. ఊరి బావి ముట్టుకోనివ్వని కాలం అది. అక్కడ వేల మంది ఏట్లో దిగితే, మన భాష మాట్లాడే మన మనిషి చెయ్యి నెత్తిన పెట్టి పేరు పలికాడు. ఊళ్ళో "ఒరే" తప్ప పిలుపు ఎరగనివాళ్ళ పేర్లు సంఘం పుస్తకంలోకి ఎక్కాయి. ఆత్మీయ అధికారం అంటే నాకు ఇదే. ఆ అధికారాన్ని ఎవరూ దయతలచి ఇవ్వలేదు, మనమే తీసుకున్నాం. దేవుడు లేపినవాడిని కరణం కూర్చోబెట్టలేడు అనే ధైర్యంతో తీసుకున్నాం.

సువార్తల్లో ఇంకొకటి ఉంది. ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్ళు. పోయి చెప్తే శిష్యులే నమ్మలేదు, పిచ్చి మాటలు అనుకున్నారు. సాక్ష్యానికి విలువ లేనివాళ్ళ చేతిలోనే దేవుడు ఆ సాక్ష్యం పెట్టాడు. ఇది పాత కథ అనుకోకండి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. వాళ్ళను ఊరి బయట కాకుండా ఊరి నడుమ పాతిపెట్టి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కళ్ళారా చూసినవాళ్ళు చెప్పినా నేరం రుజువు కాలేదంది. ఆ సమాధులు మాత్రం ఊరి నడుమే ఉన్నాయి. చంపినవాళ్ళు దాయాలనుకున్నదాన్ని అందరూ నడిచే చోట పెట్టడం కూడా పునరుత్థానం మీద నమ్మకమే అని నేను అనుకుంటాను.

ఇప్పుడు మన తప్పులు కూడా చెప్పుకోవాలి. కులం చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు ఆగిపోలేదు, లోపలికి వచ్చింది. మాలల చర్చి, మాదిగల చర్చి, రెడ్ల చర్చి అయ్యాయి. తమిళనాడు తిరుచ్చిలో మేలపుదూరు క్రైస్తవ శ్మశానంలో దళితుల సమాధులను వేరు చేస్తూ గోడ కట్టారు. లేస్తామని నమ్మి పడుకున్నవాళ్ళ మధ్య గోడ! గుర్రం జాషువాను చూడండి. పురాణాలు, సంస్కృతం చదివాడని క్రైస్తవులు వెలివేశారు, అంటరానివాడని హిందువులు దూరం పెట్టారు. ఆ మనిషే 'క్రీస్తు చరిత్ర' రాశాడు. దానికి 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఇల్లు లేకుండా చేసిన రెండు ఇళ్ళనూ ఆయన పద్యంతోనే ప్రశ్నించాడు. మరోవైపు కర్నూలు సీమ నుంచి వచ్చిన పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యాడు, ఆ స్థానానికి వెళ్ళిన మొదటి దళితుడు. ఒక్కరు ఎక్కినందుకు సంతోషమే. అక్కడిదాకా రావడానికి ఎన్ని వందల ఏళ్ళు పట్టిందో కూడా అడగాలి.

అంబేద్కర్ కూడా ఇదే అడిగాడు. మతం మారిన అంటరానివాళ్ళు తమకు జరిగే సామాజిక అన్యాయం మీద ఉద్యమించలేదని ఆయన కఠినంగానే రాశాడు. నేను దాన్ని కాదనను. పునరుత్థానాన్ని చచ్చాక దొరికే సీటుగా మార్చుకున్నప్పుడల్లా ఆయన విమర్శ మనకు తగులుతుంది. ఇప్పుడు టీవీల్లో అధికారం, అభిషేకం అని అరిచి, కానుక పంపితే కష్టం పోతుందని చెప్పేవాళ్ళకు ఇంకా గట్టిగా తగులుతుంది. పేరయ్య తీసుకున్న అధికారం ఊరి పెద్దకు "రాను" అని చెప్పింది. వీళ్ళు అమ్మే అధికారం ఎవరికీ ఏమీ చెప్పదు.

రాజ్యం సంగతి సరేసరి. 1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులు కానివాళ్ళను ఎస్సీలు కాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇప్పటికీ లేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్ళను బీసీ-సిలో పెట్టారు, ఒక్క శాతం. దేవుడు మారితే కులం పోయిందని చట్టం అంటుంది. ఊళ్ళో మాత్రం ఎవరూ అట్లా అనరు. అందుకే మన పిల్లలు ఆదివారం ఒక పేరుతో, సోమవారం ఇంకో పేరుతో బతుకుతున్నారు. నన్ను ప్రశ్న అడిగిన అబ్బాయి అసలు భయం కూడా అదే. అబద్ధం ఆడుతున్నామా అని వాడి బాధ. అబద్ధం నీది కాదు నాయనా. నీ గాయం నీ ఒంటి మీదే ఉందని తెలిసీ లేదని రాసినవాళ్ళది.

అవ్వ పోయిన రోజు గురించి చెప్పి ఆపుతాను.

పాస్టరు గారు రావడం ఆలస్యమైంది. పొద్దు వాలుతా ఉంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఐదో తరగతి చదివిన మా పిన్నమ్మ ముందుకొచ్చి ప్రార్థన చేసింది, మొదటి పిడికెడు మన్ను వేసింది. ఎవరినీ అడగలేదు. అప్పుడు మా పిల్లలు పలకలు తీశారు. పెద్దవాళ్ళు వద్దన్నారు. పలక వదిలిపెట్టడానికి తాతలు దెబ్బలు తిన్నారు కదా, వాళ్ళ బాధ నిజమే. పిన్నమ్మ తల తిప్పి అనింది: "కొట్టనీండి. ఎవురూ పిల్లేదు కదా. మనమే కొడతా ఉండాం."

ఆ అబ్బాయికి నా మిగతా సగం జవాబు అదే.

వచ్చే భాగంలో శ్మశానానికి దారి లేని పల్లెల గురించి రాస్తాను. మీ ఊళ్ళో మనవాళ్ళను ఎక్కడ పాతిపెడతారో, ఆ నేల ఎవరి పేరున ఉందో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఉంచండి.

జై భీమ్.