ఇనుము, పక్షి: ఒక ఉత్తరదేశపు పురలాంఛనము



లాంఛనమనునది మనకు క్రొత్త కాదు. వేంగీ చాళుక్యుల తామ్రశాసనముల ముద్రపై వరాహముండెను. అక్షరములు రానివాడు సైతము ఆ ముద్రను జూచి, అది యెవరి యాజ్ఞయో గ్రహింపగలిగెడివాడు. ఐరోపాఖండమున రాజులకువలెనే పట్టణములకును లాంఛనములుండుట ఆచారము. అట్టి యొక చిన్న పట్టణపు లాంఛనమును గూర్చి నేడు మనవి చేసెదను.

స్వీడను దేశపు ఉత్తరాగ్రమున కిరునా యను పట్టణము కలదు. అచ్చటి జనసంఖ్య 20,000కు లోపు. నడిచలికాలమున కొన్ని వారములు అచ్చట సూర్యుడుదయింపడు. నడివేసవిని కొన్ని వారములు అస్తమింపడు. ఆ పురపు లాంఛనము డాలు ఆకారముగ నుండి, అడ్డముగ రెండు భాగములైనది. పై భాగము నీలము. అందు వెండివన్నె వలయమొకటి, దాని కుడిమూలనుండి పైకి వెడలిన బాణమొకటి కలవు. క్రింది భాగము వెండివన్నె. అందొక నీలిపక్షి నిలిచియున్నది.

వలయమును బాణమును గూడిన ఆ గుర్తు పాశ్చాత్య జ్యోతిష్కులకు కుజుడు. వారి రసవాదులకు ఇనుము. వారి పురాణములలో కుజుడు యుద్ధదేవత గనుక, ఆయుధములకు మూలమైన ఇనుమును ఆతని కొసగిరి. మన సంప్రదాయమున ఇనుము శనైశ్చరునిది. కావున ఎవరి లాంఛనమును వారి సంప్రదాయము ననుసరించియే చదువవలెను. లేనిచో అర్థము తప్పును.

ఇక పక్షి సంగతి. మన కౌజును పోలిన ఈ పక్షి, వేసవిని నేలవన్నె దాల్చి, చలికాలమున తెల్లనై మంచులో గలసిపోవును. రెయిన్‌డీరు అను మృగముల మందలను మేపుకొని జీవించు సామీలు ఆ నేలకు ప్రాచీనప్రజ. వారు ఈ పక్షిని గిరోన్ అందురు. ఆ మాటయే కిరునా అయ్యెను. అనగా క్రిందిభాగమున నేల యొక్క పాతపేరు, పైభాగమున క్రొత్తగా వచ్చినవారి వృత్తి ఉన్నవన్నమాట.

1900 ప్రాంతమున ఇనుపగని కొరకే ఈ పట్టణము వెలసెను. ఖనిజమును నార్వేలోని నార్విక్ రేవునకు జేర్చు రైలుమార్గము 1903లో ప్రారంభమయ్యెను. 1948లో కిరునాకు నగరహోదా లభించెను. గనియు రైలును సామీల మేతదారులను ఖండించినవి. పక్షి మాత్రము లాంఛనమున నిలిచెను.

అయితే ఆ ఇనుపరాతిపొర నిలువుగ లేదు. ఏటవాలుగ ఊరిక్రిందికే దిగియున్నది. లోపల రాయి తీసినకొలది పైనేల క్రుంగి బీటలు వారును. పట్టణములో కొంతభాగమును తరలింపవలెనని గని సంస్థ 2004లో తెలియజేసెను. తూర్పున సుమారు 3 కిలోమీటర్ల దూరమున క్రొత్త నడిబొడ్డు వెలసెను. 2018లో క్రొత్త పురపాలక భవనము తెరచిరి. పాత భవనముపైనున్న ఇనుప గడియార గోపురమును దాని చెంతకు జేర్చిరి. 1912లో గట్టిన కొయ్య చర్చిని విప్పకయే చక్రముల బండ్లపై నెక్కించి, 2025 ఆగష్టు 19, 20 తేదీలలో 5 కిలోమీటర్లు నడిపించిరి. జనులు దారి కిరువైపుల నిలిచి చూచిరి.

శ్రీశైలము జలాశయమున మునుగకుండ కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగ విప్పి అలంపురమునకు దెచ్చిన సంగతి మీలో పెద్దలెరుగుదురు. ఆలయము దక్కినది. కాని దాని చుట్టునున్న వీధులు, అరుగులు, చెట్లనీడలు తరలివచ్చునా? కిరునావారి దుఃఖమును అట్టిదే. ఏ ఇనుము వారికి అన్నము పెట్టెనో అదే వారి యిండ్లను మ్రింగినది. లాంఛనము వ్రాసిననాడు పైనుంచిన గుర్తు, క్రిందనున్న పక్షిగూటిపై నిట్లు దిగునని ఎవరూహించిరి?

ఐనను ఆ పట్టణమువారు గుర్తులను రెంటిని విడువలేదు. బ్రతుకుదెరువును, నేలపేరును, రెండును తమవేయని వారి భావమని నా తలంపు. మీ ఊరి ముద్రపై నేమున్నదో, అది యెందుకున్నదో, తెలిసినవారుండగనే మీ పిల్లలకు జెప్పుడు. అర్థము మరచిన లాంఛనము ఉత్త బొమ్మయే యగును.