గడిలో ముగ్గురు: జనాభా లెక్కల పట్టికలు, వ్యక్తుల గోప్యత

2011 జనాభా లెక్కల మాతృభాషా పట్టికలు 2018లో వెలువడ్డాయి. అందులో జిల్లా అంకెలే కాక తాలూకా అంకెలు కూడా ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల వెలుపల స్థిరపడిన తెలుగువారి గురించి పనిచేసే మా బోటివారికి అవి పెన్నిధి వంటివి. కొన్నేళ్ల కిందట మహారాష్ట్రలోని ఒక తాలూకా పట్టికను తరగతిలో చదివిస్తున్నాం. తెలుగు అన్న వరుసలో, గ్రామీణ విభాగం కింద ముగ్గురని ఉంది. పురుషుడు ఒకరు, స్త్రీలు ఇద్దరు. వెనక వరుసలోని ఒక విద్యార్థి, "వాళ్లు మా మేనమామ వాళ్లే సార్" అన్నాడు. తరగతి అంతా నవ్వింది, మేమూ నవ్వాం. ఇంటికి వెళ్లాక మాత్రం ఆ అంకె మమ్మల్ని వదలలేదు.

మన దేశంలో 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటరు రాసుకున్న వివరాలను ఇతరులెవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు. కొద్దిపాటి మినహాయింపులు తప్ప వాటిని కోర్టులో సాక్ష్యంగానూ వాడరాదు. ఇది మంచి చట్టమే. అయితే అది కాపాడేది నింపిన ఫారాన్ని. అచ్చయిన పట్టిక సంగతి వేరు. పేర్లు తీసేసి కూడికలు మాత్రం ఇస్తే మనిషి దాగిపోతాడని గణాంక శాఖలు చాలాకాలం నమ్మాయి. ఆ నమ్మకం ఎంతవరకు నిజం?

మా విద్యార్థి మేనమామ ఇంటినే ఊహకు తీసుకుందాం. నిజానికి ఆ పట్టికలో స్త్రీ పురుష సంఖ్య తప్ప మరేమీ లేదు. అదే చోటికి మరో మూడు పట్టికలు వచ్చాయనుకోండి. మొదటి దానిలో తెలుగువారి సగటు వయసు 48. రెండో దానిలో తెలుగు స్త్రీల సగటు వయసు 41. మూడో దానిలో వివాహితులు ఇద్దరు, వారి సగటు వయసు 60. వీటిలో ఏదీ ఎవరి రహస్యాన్నీ చెబుతున్నట్టు కనిపించదు. కాగితం, పెన్సిలు తీసుకుని చూడండి. ముగ్గురి వయసుల మొత్తం 144, స్త్రీలిద్దరిదీ 82. కాబట్టి పురుషుడికి 62 ఏళ్లు. వివాహితుల మొత్తం 120. అది స్త్రీలిద్దరి మొత్తం కాదు గనుక వివాహితుల్లో ఒకరు ఆ పురుషుడే, రెండోవారు 58 ఏళ్ల స్త్రీ. మిగిలింది 24 ఏళ్ల యువతి, ఆమెకు భర్త లేడు. పేరు ఒక్కటే తక్కువ. ఆ ఊళ్లో తెలుగు ఇల్లు ఏదని అడిగితే కిరాణా కొట్టువాడు చెబుతాడు.

చిన్న లెక్కకు పెన్సిలు చాలు. దేశమంతటికీ చేయాలంటే కంప్యూటర్లు కావాలి. ఎక్కువ ప్రశ్నలకు మరీ కచ్చితమైన జవాబులిస్తూ పోతే వాటినుంచి మూల వివరాలనే తిరిగి కట్టవచ్చునని 2003లో దినూర్, నిస్సిమ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గణితపరంగా నిరూపించారు. అమెరికా జనాభా లెక్కల సంస్థ ఆ మాటను పెడచెవిన పెట్టకుండా తన సొంత పట్టికల మీదనే పరీక్ష పెట్టుకుంది. మాకు తెలిసినంతలో గణాంక సంస్థల చరిత్రలో ఇంత నిజాయితీ గల పని అరుదు. 2010 నాటి అమెరికా జనాభా 30,87,45,538. అంతకుముందే అచ్చయిన పట్టికలు మాత్రమే చేతిలో ఉన్నాయనుకుని, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస చొప్పున నివాస బ్లాకు, స్త్రీయా పురుషుడా, వయసు, జాతి, హిస్పానిక్ మూలం అనే అంశాలను తిరిగి కట్టారు. తర్వాత దాన్ని తమ దగ్గరున్న అసలు వివరాలతో పోల్చారు. 46 శాతం మంది విషయంలో అన్ని అంశాలూ సరిపోయాయి. వయసులో ఒక ఏడాది తేడాను పట్టించుకోకపోతే అది 71 శాతం. ఈ వరుసలను వ్యాపార సంస్థలు అమ్మే పేర్లు, చిరునామాల జాబితాలతో కలిపి చూస్తే సుమారు 5 కోట్ల 20 లక్షల మంది, అంటే జనాభాలో 17 శాతం, పేరుతో సహా నిజంగానే దొరికారు. అప్పటికి రక్షణ లేదని కాదు. అరుదైన లక్షణాలున్న కుటుంబాలను పొరుగు ప్రాంతాల కుటుంబాలతో తారుమారు చేసే పద్ధతి 2010లో అమల్లోనే ఉంది. అది చాలలేదు.

ఈ ఫలితాన్ని అందరూ ఒప్పుకోలేదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ రగుల్స్ వంటి జనాభా శాస్త్రవేత్తలు, బ్లాకులో ఎక్కువమంది ఒకే జాతివారైతే గుడ్డిగా ఊహించినా సగానికి దగ్గరగా సరిపోతుందని, ఇది దాడి సామర్థ్యం కాదని వాదించారు. ఆ వాదనలో బలం ఉంది. కానీ మాకు తోచే సంగతి ఒకటుంది. ఊహ పనిచేసేది అధిక సంఖ్యాకుల విషయంలోనే. చుట్టూ ఉన్నవారికి భిన్నంగా ఉన్న మనిషి ఊహకు దొరకడు, పట్టికకు దొరుకుతాడు. చిన్న బ్లాకుల్లో అటువంటివారికే ముప్పు ఎక్కువని సంస్థ కూడా తేల్చింది. మరాఠీ పల్లెలోని తెలుగు ఇల్లు సరిగ్గా అటువంటిది.

వయసూ జాతీ తెలిస్తే వచ్చిన నష్టమేమిటని విద్యార్థులు అడుగుతుంటారు. దానికి గణితం దగ్గర జవాబు లేదు, చరిత్ర దగ్గర ఉంది. 1942లో అమెరికా పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారిని సుమారు 1,20,000 మందిని శిబిరాల్లో నిర్బంధించారు. 1940 జనగణన నుంచి చిన్న చిన్న ప్రాంతాల వారీగా తీసిన జపాన్ సంతతి సంఖ్యలు ఆ పనికి ఉపయోగపడ్డాయి. వాటిలో పేర్లు లేవు, కేవలం కూడికలు. ఏ వీధిలో ఎందరున్నారో తెలిస్తే తలుపు తట్టేవాడికి పేరుతో పని లేదు. 1942 మార్చిలో వచ్చిన రెండవ యుద్ధాధికారాల చట్టం గోప్యత నియమాన్ని కూడా సడలించింది. ఆ సడలింపుతో 1943లో వాషింగ్టన్ ప్రాంతంలోని 79 మంది జపాన్ సంతతివారి వివరాలు, పేర్లతో సహా, సీక్రెట్ సర్వీసుకు అందాయి. మార్గో ఆండర్సన్, విలియం సెల్ట్జర్ అనే పరిశోధకులు దాన్ని కాగితాలతో సహా బయటపెట్టింది 2007లో. అంటే ఆరు దశాబ్దాల తర్వాత. చట్టం మారవచ్చు, అచ్చయిన అంకె మారదు.

2020 లెక్కలకు అమెరికా పద్ధతి మార్చింది. రాష్ట్రాల మొత్తం జనాభాను యథాతథంగా ఉంచి, కింది స్థాయి అంకెలకు గణిత సూత్రం ప్రకారం చిన్న చిన్న తేడాలు కావాలని కలిపారు. పెద్ద నగరానికి ఆ తేడా లెక్కలోకి రాదు. చిన్న పల్లెకు, చిన్న తెగకు వస్తుంది. ఆదివాసీ తెగల ప్రతినిధులు ఆందోళన చెందారు. అలబామా రాష్ట్రం 2021లో కోర్టుకు వెళ్లింది, నెగ్గలేదు.

ఇక మన విషయం. 1961 జనగణన 1,652 మాతృభాషల పేర్లు అచ్చువేసింది. 1971 నుంచి దేశమంతటా కలిపి 10,000 మంది మాట్లాడని భాషల పేర్లు విడిగా ప్రకటించడం మానేశారు. దీన్ని గోప్యత అనుకోవడం పొరపాటు. అది పరిపాలనా సౌలభ్యం, దాని కింద ఎన్నో భాషలు 'ఇతరములు' అన్న మాటలో కలిసిపోయాయి. వడరి వంటివి పెద్ద భాష పేరు కింద చేరాయి. వడరిని తెలుగులో కలపడం భాషాశాస్త్రపరంగా సమర్థించదగినదే, అది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది ఒక వింత. చిన్న భాష పూర్తిగా కనుమరుగవుతుంది, పెద్ద భాష తాలూకు చిన్న గుంపు మాత్రం పూర్తిగా బయటపడుతుంది. 2011లో 8,11,27,740 మంది మాట్లాడిన తెలుగుకు అచ్చులో చోటు ఖాయం. అందువల్లనే ఎక్కడో ఒక తాలూకాలో ముగ్గురు గడిలోకి ఎక్కారు.

అలాగని చిన్న అంకెలన్నీ దాచమనగలమా? దూరప్రాంతాల తెలుగువారు అంకె విలువ తెలిసినవారు. 1936లో ఒడిశా ఏర్పడేముందు గంజాం, పర్లాకిమిడి ప్రాంతాల్లో తెలుగు ఎందరు, ఒరియా ఎందరు అన్న లెక్క మీద ఎంత పెనుగులాట జరిగిందో బరంపురం పెద్దలు నేటికీ చెబుతారు. తరగతిలో పదిమంది గానీ బడిలో నలభైమంది గానీ ఉంటే ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పాలన్నది 1949 నాటి విద్యామంత్రుల తీర్మానం. తాలూకాలో, మునిసిపాలిటీలో 15 నుంచి 20 శాతం ఉంటే ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వాలన్నది 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రం. అంకె లేనిదే హక్కు అడగలేం.

మా అభిప్రాయంలో ఈ రెండు అవసరాలూ అన్నిచోట్లా ఢీకొనవు. ప్రమాదం ముగ్గురి గడిలో, నలుగురి గడిలో. శాతం లెక్కలు తేలేది వేల గడుల్లో. ముగ్గురిని జిల్లా మొత్తంలో కలిపి చూపినా ఏ బడీ మూతపడదు. ఇరకాటం నడిమధ్య ఉన్నవారిది. ఒక వార్డులో యాభైమంది తెలుగువారుంటే, కలిపిన తేడా వల్ల అది ముప్పైఆరుగా అచ్చయితే, నలభై పిల్లల మాట ఎత్తేముందే అధికారి పట్టిక చూపించి పంపేస్తాడు. అచ్చంగా యాభై అని వేసి దానికి వయసు, మతం, చదువు జోడిస్తే మేనమామ ఇంటి లెక్క మళ్లీ మొదలవుతుంది.

2027 జనగణనకు 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. ఈసారి కులాన్ని కూడా నమోదు చేయాలని నిర్ణయించారు. భాష, కులం, తాలూకా ఒకే పట్టికలో అడ్డంగా నిలువుగా కలిస్తే ముగ్గురి గడులు వేల సంఖ్యలో పుడతాయి. ఎంత చిన్న గడి దాకా అచ్చువేస్తారు, ఏ పట్టికలను ఒకదానితో ఒకటి కలుపుతారు అన్నవి అంకెలు వెలువడకముందే అడగవలసిన ప్రశ్నలు. మా విద్యార్థి సెలవుల్లో మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు ఆ పట్టిక కాగితం చూపించాడట. ఆయన చాలాసేపు చూసి, "మేం ముగ్గురమేనా ఈ తాలూకాలో?" అని మాత్రం అడిగాడట.