తేదీ చేతిలో ఉన్నవాళ్లదే ఊరు

2010లో విజయవాడ నగరపాలక సంస్థ పాలకమండలి గడువు ముగిసింది. ఆ నాటి నుంచి 2021 మార్చిలో పాలకమండలి కొలువుదీరే దాకా సుమారు పదిన్నరేళ్లు గడిచాయి. అందులో ఎన్నికైన కౌన్సిల్ ఉన్నది 2014 జూలై నుంచి 2019 జూలై వరకు, అంటే ఐదేళ్లే. మిగతా సగానికి పైగా కాలం ఈ ఊరిని నడిపింది ప్రభుత్వం నియమించిన స్పెషల్ ఆఫీసర్లు. బెజవాడ రాజకీయం అనగానే మనం పార్టీలు, సామాజిక వర్గాలు, నాయకుల పేర్లు లెక్కపెట్టడం మొదలుపెడతాం. ఊరి పాలన చరిత్రను వరసగా చూసుకుంటూ వస్తే మాత్రం నాకు వేరే విషయం కనిపిస్తుంది. మేయరు కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నదాని కంటే, ఆ కుర్చీకి ఎన్నిక ఎప్పుడు పెట్టాలో ఎవరు తేల్చారన్నదే ఈ ఊరి తలరాతను ఎక్కువగా మార్చింది. ఆ అధికారం ఊరి చేతికి ఎన్నడూ రాలేదు. రాజ్యాంగం ఇవ్వాలని చూసింది కానీ, ఇచ్చింది మధ్యలోనే నిలిచిపోయింది.

బెజవాడ మున్సిపాలిటీ 1888 ఏప్రిల్ 1న ఏర్పడింది. కృష్ణా జిల్లాకు పెద్ద ఊరైన బందరులో అంతకు ఇరవై రెండేళ్ల ముందే, 1866లోనే మున్సిపాలిటీ ఉంది. బెజవాడ అప్పటికింకా చిన్న ఊరు. కృష్ణ మీద ఆనకట్ట, కాలువలు, ఆ తర్వాత రైలు కలిసి దాన్ని పెంచాయి. 1901 జనాభా లెక్కల నాటికి కూడా ఇక్కడ ఉన్నది 24,224 మందే. 1882లో లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు, 1884లో మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం వచ్చింది, ఆ వరవడిలోనే మన మున్సిపాలిటీ పుట్టింది. ఆనాటి ఓటు పన్ను కట్టే కొద్దిమందిది. సభ్యుల్లో ఎంతమంది ఎన్నికవ్వాలో, ఎంతమందిని నియమించాలో ప్రభుత్వమే చెప్పేది. పుట్టుకలోనే ఉన్న ఈ లక్షణాన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఓటు అందరికీ వచ్చిన తర్వాత కూడా పైనుంచి నడిపే ఆ అలవాటు పోలేదు. 1981లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. 1985లో పటమట, గుణదల, భవానీపురం పంచాయతీలతో పాటు పాయకాపురం, కుందావారి కండ్రిక కూడా వచ్చి కలిశాయి. 2011 నాటికి జనాభా పది లక్షలు దాటింది. ఊరు ఇంతగా పెరిగినా దాని ఎన్నికల క్యాలెండరు మాత్రం మొదట మద్రాసులో, ఆ తర్వాత హైదరాబాదులో, ఇప్పుడు నది అవతల వెలగపూడిలో తయారవుతూ వచ్చింది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాని 243యు అధికరణం చెప్పేది స్పష్టం: మున్సిపాలిటీ గడువు ఐదేళ్లు, ఒక్కరోజు కూడా ఎక్కువ కాదు, ఆ గడువు తీరేలోపే తర్వాతి ఎన్నిక పూర్తి కావాలి. ఆ మాట నిలబడిన కాలం మనకూ ఉంది. 1995లో, 2000లో, 2005లో వరసగా ఎన్నికలు జరిగాయి. కార్పొరేషన్ తొలి మేయరైన కమ్యూనిస్టు నాయకుడు టి. వెంకటేశ్వరరావు 1995లో మళ్లీ ఆ పదవికి వచ్చారు. 2000లో 26 ఏళ్ల పంచుమర్తి అనూరాధను నగర ఓటర్లే నేరుగా మేయరుగా ఎన్నుకున్నారు. 2005 వచ్చేసరికి పద్ధతి మారింది, మేయరును ఎన్నుకునే పని కార్పొరేటర్లకు వెళ్లింది. ఆ ఒక్క పాలకమండలి కాలంలో తాడి శకుంతల, మల్లికా బేగం, ఎం.వి. రత్నబిందు ఒకరి తర్వాత ఒకరు మేయర్లయ్యారు. నేరుగా ఎన్నుకోవడం మేలా, కౌన్సిల్ ద్వారా మేలా అన్నది వేరే చర్చ. ఐదేళ్లలో మారిన ఈ పద్ధతి గురించి విజయవాడ ఓటరును ఎవరూ అడగలేదు, నా వాదనకు కావలసింది ఆ సంగతే. అయినా తేదీ తప్పనంత వరకు ఓటరుకు మళ్లీ మాట చెప్పే అవకాశం ఉంటుంది. తేదీ కూడా తప్పితే ఆ దారి మూసుకుపోతుంది.

2010లో జరిగింది అదే. స్థానిక సంస్థల్లో రిజర్వేషన్లు మొత్తం 50 శాతం దాటకూడదని ఆ ఏడాది కె. కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బీసీ రిజర్వేషన్ల శాతం మీద వ్యాజ్యాలు సాగాయి, ప్రభుత్వం తొందరపడలేదు, నాలుగేళ్లు పోయాయి. చివరికి 2014 మార్చి 30న ఓట్లు వేశాం. వాటిని లెక్కపెట్టింది మే 12న. అసెంబ్లీ, లోక్‌సభ పోలింగ్ మీద ప్రభావం పడకూడదని లెక్కింపును నలభై రోజులకు పైగా ఆపి ఉంచారు. గెలిచినవాళ్లు జూలైలో గానీ కౌన్సిల్ హాల్లోకి అడుగుపెట్టలేదు, ఎందుకంటే మేయరు ఎన్నికలో పదవి రీత్యా (ఎక్స్ అఫీషియో) ఓటున్న ఎమ్మెల్యేలు, ఎంపీలు ముందు తమ సభల్లో ప్రమాణం చేయాలి. 59 డివిజన్లలో తెలుగుదేశానికి 38, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 19, బీజేపీ, సీపీఎంలకు చెరొకటి వచ్చాయి. కోనేరు శ్రీధర్ మేయరయ్యారు. ఓటు వేయడానికీ, ఆ ఓటు పనిచేయడం మొదలుపెట్టడానికీ మధ్య మూడు నెలలు గడిచాయి.

2019 జూలైలో ఆ పాలకమండలి దిగిపోయింది, మళ్లీ స్పెషల్ ఆఫీసర్ వచ్చారు. 2020 మార్చిలో నోటిఫికేషన్ వచ్చి నామినేషన్లు పడ్డాక, కరోనా కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ ప్రక్రియను ఆపారు. ఎన్నిక జరిపి తీరాలని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తర్వాత ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్‌నే తప్పించింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. కొన్ని నెలల తర్వాత అదే కమిషనర్ పంచాయతీ ఎన్నికలు పెడతానంటే, అదే ప్రభుత్వం కరోనా ఉంది వద్దంది. 2021 జనవరి 25న సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. పది నెలల్లో ఇద్దరి వాదనలూ తారుమారయ్యాయి. ఇందులో ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని తేల్చడం కంటే, తేదీ అనేది ఎంత విలువైన ఆయుధమో గమనించడం మనకు ముఖ్యం. అంత విలువ లేకపోతే దానికోసం రాజ్యాంగ సంస్థతో అంత దూరం ఎవరూ పోరాడరు. ఆఖరుకు 2021 మార్చి 10న విజయవాడలో పోలింగ్ జరిగింది. అప్పటికి 64 అయిన డివిజన్లలో వైఎస్సార్ కాంగ్రెస్ 49, తెలుగుదేశం 14, సీపీఎం ఒకటి గెలిచాయి. మార్చి 18న రాయన భాగ్యలక్ష్మి మేయరయ్యారు.

డెల్టాలో ఇతర ఊళ్లను చూస్తే మనమే నయం అనిపిస్తుంది. 2010లో గడువు తీరిన గుంటూరు కార్పొరేషన్‌కు మళ్లీ ఓటు పడింది 2021లోనే. చుట్టుపక్కల ఊళ్ల విలీనం పేరుతో 2014 అవకాశం కూడా పోయింది. అక్కడ 2010లో పుట్టిన బిడ్డ హైస్కూలుకు వచ్చేదాకా ఎన్నికైన కార్పొరేటర్ లేడు. కృష్ణకు అవతలి ఒడ్డున మంగళగిరి, తాడేపల్లి 2021 మార్చి ఎన్నికల్లో చేరనే లేదు. ఆ నెలలోనే రెంటినీ కలిపి కార్పొరేషన్ చేశారు. ఏలూరులో అదే మార్చి 10న పోలింగ్ జరిగినా, ఓటర్ల జాబితా వివాదంతో లెక్కింపు జూలై 25 దాకా ఆగింది. మనకు దగ్గర్లోనే ఉన్న కొండపల్లి కథ ఇంకా విచిత్రం. కొత్తగా ఏర్పడిన ఆ మున్సిపాలిటీకి 2021 నవంబరులో జరిగిన తొలి ఎన్నికలో 29 వార్డులకు గాను తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ చెరి 14 గెలిచాయి. మిగిలిన స్వతంత్ర అభ్యర్థి తెలుగుదేశం వైపు వెళ్లారు. ఎంపీ కేశినేని నాని ఎక్స్ అఫీషియో ఓటు చెల్లుతుందా లేదా అన్న తగాదాతో చైర్మన్ ఎన్నిక ఫలితం హైకోర్టు ముందు ఆగిపోయి, 2025లో గానీ బయటికి రాలేదు. వార్డుల్లో జనం తీర్పు ఇచ్చి మూడున్నరేళ్లయినా, ఆ తీర్పుతో ఏర్పడాల్సిన పాలన కోర్టు కాగితాల్లోనే ఉండిపోయింది.

కౌన్సిల్ లేకపోతే ఊరికి పోయేదేమిటి? అన్నిటికంటే బలమైన ఉదాహరణ ఇంటి పన్ను. అద్దె విలువ మీద వేసే పన్నును ఆస్తి మూలధన విలువ మీదికి మారుస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2020 నవంబరులో ఉత్తర్వులిచ్చింది. ఆ నెలలో విజయవాడకు కౌన్సిల్ లేదు, గుంటూరుకూ లేదు. ప్రతి ఇంటి గడప మీద పడే నిర్ణయం గురించి అవునో కాదో చెప్పడానికి ఒక్క కార్పొరేటర్ కూడా పదవిలో లేని సమయంలో అది వచ్చింది. ఆ తర్వాత వామపక్షాలు, పన్ను చెల్లింపుదారులు వీధుల్లో చేసిన ఆందోళనకు ఉత్తర్వులు రాకముందే కౌన్సిల్ హాల్లో చోటు ఉండాల్సింది. ఇక నిధుల సంగతి: సక్రమంగా ఏర్పడిన స్థానిక సంస్థలకే గ్రాంట్లు ఇవ్వాలని 14వ ఆర్థిక సంఘం చెప్పింది. అంటే ఎన్నిక ఆలస్యం చేసిన తప్పు ఒకరిది, పోయే సొమ్ము ఊరిది. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం కొండల మీద ఇళ్లున్నవాళ్లకు మెట్లు, కుళాయి, వీధి దీపం, రిటైనింగ్ వాల్ బతుకు సమస్యలు. వాటికోసం కమిషనర్ దగ్గరికి వెళ్లగలిగేవాళ్లు వాళ్లలో చాలా తక్కువ. వాళ్లకు అందుబాటులో ఉండే అధికారం డివిజన్ కార్పొరేటరే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు, ఎందుకంటే ఊళ్లో చదువుకున్నవాళ్ల నోట తరచూ వినిపించేది అదే: స్పెషల్ ఆఫీసర్ల పాలనే హాయి, కమీషన్లు ఉండవు, గొడవలుండవు, ఫైళ్లు చకచకా కదులుతాయి. అధికారుల్లో సమర్థులున్న మాట నిజం. కౌన్సిల్ సమావేశాలు అరుపులతో ముగిసిన రోజులూ నిజమే. కానీ కౌన్సిల్ ఉన్నా కమిషనర్ ఎక్కడికీ పోడు. పని చేయించే అధికారి ఎప్పుడూ ఉంటాడు, లేకుండా పోయేది అతన్ని నలుగురి ముందు ప్రశ్నించేవాళ్లు. సాధారణంగా ఈ బాధ్యత జిల్లా కలెక్టరుకు అదనంగా అప్పగిస్తారు. జిల్లా భారమంతా మోసే మనిషికి పది లక్షల మంది నగరం అదనపు పని అవుతుంది. పైగా ఆయన జవాబు చెప్పుకునేది తనను బదిలీ చేయగల ప్రభుత్వానికి. అవినీతి కార్పొరేటర్‌ను ఐదేళ్లకైనా దించే ఓటు మనకుంది, తప్పు చేసిన అధికారి మీద అలాంటిదేదీ లేదు.

రెండో అభ్యంతరం చట్టపరమైనది: డివిజన్ల పునర్విభజన, రిజర్వేషన్ల ఖరారు తప్పనిసరి పనులు, వాటికి సమయం పడుతుంది. పడుతుంది, నిజమే. అయితే పాలకమండలి ఏ రోజున దిగిపోతుందో ఐదేళ్ల ముందే తెలుసు. ఇలాంటి సాకులతో ఎన్నిక ఆగకూడదని కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లోనే, సురేశ్ మహాజన్ కేసులో 2022లో మళ్లీ సుప్రీంకోర్టు చెప్పింది. కరోనా లాంటి విపత్తును నేను ఈ లెక్కలో కలపను. కానీ 2019 జూలై నుంచి 2020 మార్చి వరకు ఎనిమిది నెలలు కరోనా లేదు, కౌన్సిలూ లేదు.

ఉన్న కౌన్సిల్ మాత్రం ఏం చేసిందన్నది మూడో ప్రశ్న. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు కౌన్సిల్ ఉంది కదా అంటారు. ఉంది, దాని చేతకానితనమూ కనిపించింది. కానీ బుడమేరు కట్టలు, మళ్లింపు కాలువ జలవనరుల శాఖవి. ఐదేళ్లకొకసారి తన ఉనికే అనుమానంలో పడే సంస్థకు ఏ శాఖ అధికారాలు వదులుకుంటుంది? గడువు నమ్మకంగా ఉంటేనే అధికారం, నిధులు దాని చుట్టూ చేరతాయి. ఎలాగూ రాష్ట్రంలో ఉన్న పార్టీయే గెలుస్తుంది కదా అన్న నిరాశకు కూడా చరిత్రే జవాబు. 1981లో రాష్ట్రాన్ని కాంగ్రెస్ ఏలుతుంటే బెజవాడకు కమ్యూనిస్టు మేయరు వచ్చాడు. తేదీని ఎంచుకునే వీలు అధికార పార్టీకి ఉన్నంత కాలం అది తనకు గాలి వీచే రోజునే ఎంచుకుంటుంది. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయరు అవిశ్వాసంతో దిగిపోయినట్టు, రాష్ట్రంలో ప్రభుత్వం మారాక ఓటరు ప్రమేయం లేకుండానే కౌన్సిళ్ల రంగు మారుతుంది.

ఎన్నిక కోరే హక్కును ఓటరు చేతిలో పెట్టడం సాధ్యమే. ఇంగ్లండులో ఒక బరో కౌన్సిల్ సీటు ఖాళీ అయితే, ఆ ప్రాంతపు ఇద్దరు ఓటర్లు రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు, 35 పనిదినాల్లోపు ఉప ఎన్నిక జరగాలని 1972 నాటి చట్టం చెబుతుంది. సాధారణ ఎన్నికకు ఆరు నెలలే ఉంటే తప్ప దీనికి మినహాయింపు లేదు. అక్కడా అంతా సవ్యంగా లేదు. 2025 మేలో జరగాల్సిన ఎన్నికలను తొమ్మిది కౌన్సిళ్లలో పునర్వ్యవస్థీకరణ పేరుతో వాయిదా వేశారు, విమర్శలూ వచ్చాయి. కానీ ఒక వార్డు ఖాళీగా ఉండకూడదని అడిగే హక్కు ఇద్దరు మామూలు ఓటర్ల చేతిలో పెట్టడం మనం నేర్చుకోవాల్సిన సంగతి. ఇక్కడ ఖాళీ అయిన డివిజన్ ఓటరు ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు.

అందుకే అడగాల్సినవి మూడు. పునర్విభజన, రిజర్వేషన్ల మార్పు పనిని ప్రభుత్వం నుంచి తీసి రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించి, గడువుకు ఏడాది ముందే పూర్తిచేయాలని చట్టంలో రాయాలి. ఖాళీ అయిన డివిజన్‌కు ఉప ఎన్నిక కోరే హక్కు అక్కడి ఓటర్లకు ఇవ్వాలి. స్పెషల్ ఆఫీసర్ ఉన్న కాలంలో కొత్త పన్ను, పన్ను పద్ధతి మార్పు చెల్లకుండా చేయాలి. అప్పుడు ఆలస్యం వల్ల ప్రభుత్వానికీ నష్టం ఉంటుంది. 2021 మార్చి 18న మొదలైన పాలకమండలి గడువు 2026 మార్చి దాకే. ఈ ఊరి 138 ఏళ్ల మున్సిపల్ చరిత్ర చెప్పేది ఒకటే: గడువు దాటిన ప్రతి నెలా ఎవరో ఒకరు మన తరఫున, మనల్ని అడగకుండా నిర్ణయాలు తీసుకుంటారు. ఏ పార్టీకి ఓటేసేవాళ్లమైనా ఎన్నిక సకాలంలో జరగాలని పట్టుబట్టడం బెజవాడ వాళ్లందరి పని.