విద్యుత్ పడవ: నిల్వ శక్తి చరిత్ర

విద్యుత్ పడవ చరిత్ర ప్రధానంగా శక్తిని నిల్వ చేసే విధానాల చరిత్ర. 1838లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని నేవా నదిపై మోరిట్జ్ యాకోబీ నడిపిన పడవకు శక్తినిచ్చినవి ప్రాథమిక ఘటాలు, అంటే లోపలి రసాయనాలు ఖర్చయ్యాక తిరిగి ఛార్జి చేయలేనివి కావడంతో, ఆ ప్రయోగం ఎంత అద్భుతమైనదైనా రవాణా సాధనంగా నిలదొక్కుకోలేదు. 1859లో గాస్టన్ ప్లాంటే రూపొందించిన, మళ్లీ మళ్లీ ఛార్జి చేయగల సీసపు బ్యాటరీ ఈ అడ్డంకిని తొలగించగా, 1880ల చివరికి థేమ్స్ నదిపై ఛార్జింగ్ కేంద్రాలు వెలసి, అద్దె పడవలు తిరగసాగాయి. అయితే సీసం బరువు, తీరంపై ఆధారపడవలసి రావడం వాటి పరిధిని కుదించాయి.

ఈ పరిమితులను కేరళ గట్టిగా ఎదుర్కొంది. 2017 జనవరిలో వేంబనాడ్ సరస్సుపై వైక్కం–తవణక్కడవు మధ్య ప్రారంభమైన 75 సీట్ల సౌర పడవ ‘ఆదిత్య’ పైకప్పుపై సుమారు 20 కిలోవాట్ల సౌర ఫలకాలు, లోపల సుమారు 50 కిలోవాట్ గంటల లిథియం బ్యాటరీలు అమర్చారు. కిలోవాట్ గంట అంటే ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు అందే శక్తి. పైకప్పు వైశాల్యం పరిమితం కనుక, నీటి నిరోధాన్ని తగ్గించే సన్నని జంట అడుగుభాగాలను ఎంచుకున్నారు. శక్తిని పెంచడానికి ముందు అవసరాన్ని తగ్గించాలన్న ఈ సూత్రమే సౌర నౌకా నిర్మాణానికి పునాది.